రాకర్ ఆర్మ్‌లు: 1.6 అనుకుని 1.5కి దిగాను

మొదటి వారం

నా బండిలోని షెవీ (షెవర్లే) స్మాల్ బ్లాక్ 350 ఇంజిన్ వాల్వ్ కవర్లు విప్పాను. ఒక పక్క నుంచి టిక్‌టిక్ శబ్దం వస్తోందని చాన్నాళ్లుగా అనుమానం. లోపల ఉన్నవి ఇంజిన్‌తో వచ్చిన స్టాంప్డ్ (రేకును అచ్చొత్తి చేసిన) రాకర్లే. రాకర్ అంటే పుష్‌రాడ్ అనే కడ్డీ ఒక కొసను పైకి తోస్తే రెండో కొసతో వాల్వ్‌ను నొక్కి తెరిచే చేయి. రెండింట్లో పివట్ బాల్ కూర్చునే గుంట అరిగి నీలంగా మారింది. అంటే అక్కడ నూనె సరిగా అందక వేడెక్కిందన్నమాట. ఎలాగూ మార్చాలి కాబట్టి రోలర్ రాకర్లే వేద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే 1.6 రేషియో (క్యామ్ ఇచ్చే కదలికను రాకర్ ఎన్ని రెట్లు చేస్తుందో ఆ లెక్క) మీద మనసు పడింది. క్యామ్ ముట్టుకోకుండా లిఫ్ట్, అంటే వాల్వ్ తెరుచుకునే ఎత్తు, పెరుగుతుంది కదా, ఎవరికి చేదు!

రెండో వారం

కొనేముందు కొలవాలి. హైడ్రాలిక్ లిఫ్టర్ (క్యామ్‌కూ పుష్‌రాడ్‌కూ మధ్య ఉండే, లోపల నూనె నిండే ముక్క) నొక్కుకుపోయి కొలత తప్పుతుందని ఒక సాలిడ్ లిఫ్టర్ పెట్టాను. ఆ వాల్వ్‌కు అసలు స్ప్రింగ్ తీసి మెత్తటి చెకింగ్ స్ప్రింగ్ వేశాను. క్యామ్ లోబ్ (క్యామ్ మీది ఉబ్బు) లిఫ్ట్ 0.300 అంగుళాలు. ఇన్‌టేక్‌కీ ఎగ్జాస్ట్‌కీ అంతే. లెక్క ప్రకారం 1.5 రాకర్‌తో వాల్వ్ దగ్గర 0.450 రావాలి. డయల్ ఇండికేటర్ 0.438 చూపించింది. అంటే పాత రాకర్ రేషియో 1.46 మాత్రమే. సరిగ్గా 1.5 ఇచ్చే రాకర్ వేసినా 12 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) కలిసొస్తుంది.

1.6 అయితే లిఫ్ట్ 0.480. ఇక్కడే స్ప్రింగ్ అడ్డుపడింది. బిగించినప్పుడు దాని ఎత్తు 1.700, చుట్లన్నీ ఒకదానికొకటి తగిలేది 1.190 దగ్గర. మధ్యలో ఉన్నది 0.510. దాంట్లో కనీసం 0.060 ఖాళీ వదలాలి. 0.450 లిఫ్ట్ సరిగ్గా సరిపోతుంది. 0.480 అయితే మిగిలేది 0.030. పైగా 1.6 రాకర్‌లో పుష్‌రాడ్ కూర్చునే గుంట స్టడ్‌కు (రాకర్‌ను హెడ్ మీద పట్టి ఉంచే బోల్టుకు) దగ్గరగా జరుగుతుంది. నా పాత సిలిండర్ హెడ్‌లలో పుష్‌రాడ్‌ను నిలబెట్టేది హెడ్‌లోని సన్నటి స్లాటే. దాని అంచుకు రాడ్ రాసుకుంటే స్లాట్‌ను పొడిగించాలి. వీటికి తోడు గట్టి స్ప్రింగ్‌లు వేస్తే, నొక్కి దింపిన స్టడ్‌లు పైకి లేచొచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు మర పెట్టి బిగించే స్టడ్‌లకు హెడ్ మెషీనింగ్ చేయించాలి. 30 థౌ కోసం ఇంత తంతు అనవసరమనిపించింది.

1.5 ఫుల్ రోలర్, స్టీల్, 3/8 స్టడ్‌వి ఎంచుకున్నాను. కొన మీద మాత్రమే రోలర్ ఉన్నవి చవక. కానీ రాపిడి ఎక్కువగా ఉండేది పివట్ దగ్గర, అక్కడ వాటికి అదే పాత బాల్. అల్యూమినియం చూడ్డానికి బాగుంటుంది, కానీ ఏళ్ల తరబడి రోడ్డు మీద తిరిగే బండిలో అలసి పగిలే లోహం నాకొద్దు. ఇంకో సంగతి: సెల్ఫ్ అలైనింగ్ రాకర్లు నా హెడ్‌లకు కుదరవు. వాటికి వాల్వ్ కొనను పట్టుకునే అంచులు ఉంటాయి, అవి స్లాట్‌తో పోట్లాడతాయి. గైడ్ ప్లేట్ (స్లాట్ బదులు పుష్‌రాడ్‌ను నిలబెట్టే పలక) ఉన్న హెడ్‌లకైనా అదే మాట.

మూడో వారం

రాకర్లు వచ్చాయి. ఒకటి బిగించి, వాల్వ్ కొనకు మార్కర్ పూసి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పాను. రోలర్ గీసిన చార వెడల్పుగా, ఎగ్జాస్ట్ వైపుకు జరిగి ఉంది. పుష్‌రాడ్ పొడవెక్కువైందన్నమాట. అడ్జస్టబుల్ పుష్‌రాడ్‌తో తగ్గిస్తూ చూస్తే 7.800 బదులు 7.750 దగ్గర చార సన్నబడి మధ్యకు వచ్చింది. ఆ కొలతవే 16 తెప్పించాను. ఈ పరీక్షకు పట్టింది ఒక మధ్యాహ్నం, కానీ చేయకపోతే వాల్వ్ గైడ్‌లు పక్కకు అరిగేవి.

పిస్టన్ మీద బంకమట్టి పెట్టి వాల్వ్‌కూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ కూడా చూశాను. ఇన్‌టేక్‌కు కనీసం 0.080, ఎగ్జాస్ట్‌కు 0.100 ఉండాలి. రెండూ దాటాయి.

నాలుగో వారం

హైడ్రాలిక్ లిఫ్టర్లు తిరిగి పెట్టి అన్నీ బిగించాను. ఒక సిలిండర్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోవడం మొదలుపెట్టగానే ఇన్‌టేక్ సరిచేయాలి. ఇన్‌టేక్ తెరుచుకుని దాదాపు మూసుకుంటున్నప్పుడు ఎగ్జాస్ట్. పుష్‌రాడ్‌ను వేళ్లతో పైకీ కిందికీ ఆడిస్తూ ఆట పోయేదాకా నట్ తిప్పి, అక్కడి నుంచి అర చుట్టు. రాడ్‌ను గుండ్రంగా తిప్పి చూస్తే మోసపోతాం, నేను మొదట అలాగే మోసపోయాను. పాలీలాక్ (రాకర్‌ను బిగించే ఆ నట్ పేరే) లోపలి అలెన్ స్క్రూ బిగించాక, దాన్నీ నట్‌నూ కలిపి మరికొంచెం తిప్పితే గట్టిగా పట్టుకుంటుంది.

పాలీలాక్‌లు పొడుగు కావడంతో వాల్వ్ కవర్ లోపలి రేకుకు తగిలాయి. బంకమట్టి చిన్న ముద్దలు పెట్టి ఎక్కడ నలిగిందో చూసి, మందపాటి గ్యాస్కెట్ వేశాను.

స్టార్ట్ చేశాను. ముందు కాస్త టెన్షన్, తర్వాత టిక్‌టిక్ ఒకే ఒక్క చోట. మూడో సిలిండర్ ఇన్‌టేక్ అలెన్ స్క్రూ బిగించడం మర్చిపోయాను. కవర్ మళ్లీ విప్పి, ఆట తీసేసి, అర చుట్టు తిప్పి బిగించాక అదీ ఆగింది. 500 కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి అన్నీ తనిఖీ చేయాలి.