బాజియోకు దొరకని చోటు

సికింద్రాబాద్‌లో మా ఇంటికి దగ్గరి మైదానంలో ఆదివారం ఉదయం పూట పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో నాకు పదే పదే గుర్తుకు వచ్చిన కోచ్ కార్లో ఆంచెలొట్టి. అందులోనూ ముఖ్యంగా, 1997లో ఆయన చేసిన ఒక తప్పు.

ఉత్తర ఇటలీలోని రెజ్జోలోలో 1959లో రైతు కుటుంబంలో పుట్టిన ఆంచెలొట్టి, పార్మా క్లబ్‌లో ఆట మొదలుపెట్టి 1979లో రోమా క్లబ్‌లో చేరారు. 1983లో ఆ జట్టుతో లీగ్ గెలిచారు గాని, మోకాలి గాయాలు ఆయనను 1982 ప్రపంచ కప్‌కూ, 1984లో రోమా తన సొంత మైదానంలో లివర్‌పూల్ చేతిలో ఓడిన యూరోపియన్ కప్ (నేటి ఛాంపియన్స్ లీగ్) ఫైనల్‌కూ దూరం చేశాయి. అలాంటి మిడ్‌ఫీల్డర్‌ను 1987లో కోచ్ అర్రీగో సాక్కీ తన మిలాన్ జట్టుకు తెచ్చుకున్నారు. పరుగులో పోయినదాన్ని ఆంచెలొట్టి చూపుతో పూడ్చుకున్నారు: బంతి ఎటు రాబోతోందో ముందే పసిగట్టి అక్కడ నిలబడేవారు, అందిన బంతిని జాప్యం లేకుండా ముందుకు పంపేవారు. 1989, 1990లలో యూరోపియన్ కప్ గెలిచిన ఆ మిలాన్, 1989 సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ను 5-0తో ఓడించినప్పుడు దూరం నుంచి తొలి గోల్ కొట్టింది ఆయనే. తర్వాతి కాలంలో అదే మాడ్రిడ్‌కు కోచ్‌గా మూడు ఛాంపియన్స్ లీగ్ కప్పులు తెచ్చిపెట్టడం నాకు ఇప్పటికీ అపురూపంగా తోస్తుంది.

1992లో ఆట విరమించి, ఇటలీ జట్టులో సాక్కీకి సహాయకుడిగా 1994 ప్రపంచ కప్ ఫైనల్ దాకా వెళ్లిన ఆంచెలొట్టి, 1995లో రెజ్జానాకు, మరుసటి ఏడాది పార్మాకు కోచ్ అయ్యారు. గురువు సాక్కీ నేర్పిన 4-4-2 అమరిక (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ముందు ఇద్దరు స్ట్రయికర్లు) ఆయనకు అప్పుడు వేదవాక్కు. 1997లో, స్ట్రయికర్ల వెనుక స్వేచ్ఛగా ఆడే రాబర్టో బాజియో పార్మాకు రావడానికి సిద్ధమైనప్పుడు, ఆ అమరికలో అతనికి చోటు లేదని వద్దన్నారు. బాజియో బొలోన్యాకు వెళ్లి ఆ సీజన్ లీగ్‌లో 22 గోల్స్ చేశాడు. అది తన పొరపాటేనని ఆంచెలొట్టి తర్వాత దాచుకోకుండా ఒప్పుకున్నారు.

అందుకే ఆ తర్వాత యువెంటస్ కోచ్‌గా, అలాగే స్ట్రయికర్ల వెనుక ఆడే జిదాన్ కోసం అమరికనే మార్చారు. 2001లో మిలాన్‌కు వచ్చాక, స్ట్రయికర్ల వెనుక ఆడే పిర్లోను డిఫెన్స్‌కు కాస్త ముందు నిలిపి, ఆట మొత్తాన్ని అక్కడి నుంచి నడిపించమన్నారు. బ్రెషా క్లబ్‌లో కోచ్ కార్లో మజ్జోనే ముందే చేసిన ప్రయోగమది. దానికి పక్కన గట్టుసో కాపలాను, సీడార్ఫ్, రుయ్ కోస్టాల నైపుణ్యాన్ని జోడించి 2003లో ఛాంపియన్స్ లీగ్ గెలిచారు. 2007లో మళ్లీ గెలిచారు. ఆ తర్వాత యూరప్‌లోని ఐదు పెద్ద లీగ్‌లలోనూ టైటిల్ అందుకున్న తొలి కోచ్ కావడం, 2025లో బ్రెజిల్ జట్టు బాధ్యత చేపట్టడం అందరికీ తెలిసినవే.

ఆటగాడికి తగిన చోటు వెతికే ఈ విద్య మన హైదరాబాద్‌లో కొత్తది కాదు. బడిపంతులుగా పనిచేసి భారత జట్టు కోచ్ అయిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై భారత్ చేసిన రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌దే.

మా జట్టులో పదమూడేళ్ల కుర్రాడొకడు పరుగులో అందరికంటే వెనుకబడతాడు. మైదానం అంచుల వెంట పరుగెత్తే ఆట నేర్పుతున్నాను గనుక ఏడాదిపాటు అతన్ని పక్కన కూర్చోబెట్టాను. అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. వానలు తగ్గిన తర్వాత ఒక ఆదివారం అతన్ని డిఫెండర్ల ముందు నిలబెట్టి, పరుగెత్తవద్దని, తలెత్తి చూడమని మాత్రమే చెప్పాను. మొదటి పది నిమిషాలు బంతి అందినప్పుడల్లా భయంతో నా వైపే చూశాడు. ఆ తర్వాత చూడలేదు.