ఫిట్‌మెంట్ లెక్క, బడ్జెట్ పద్దు

ఆంధ్రప్రదేశ్ 11వ పీఆర్సీలో (ప్రభుత్వ ఉద్యోగుల వేతన సవరణలో) మూల వేతనం ఎలా మారిందో ముందు చూద్దాం. పాత స్కేలులో 28,940 ఉన్న ఉద్యోగికి 2018 జులై 1 నాటి డీఏ (కరువు భత్యం) 30.392 శాతం, అంటే 8,795. ఈ రెండింటికీ ఫిట్‌మెంట్, అంటే సవరణలో ఇచ్చే పెంపు, 23 శాతం, 6,656 కలపాలి. మొత్తం 44,391. కొత్త స్కేలులో సరిగ్గా ఆ మెట్టు లేదు కాబట్టి పై మెట్టు 44,570 దగ్గర ఆగుతుంది. చాలామంది డీఏ కలిపిన మొత్తం మీద 23 శాతం వేస్తారు, అది తప్పు. డీఏ, ఫిట్‌మెంట్ రెండూ పాత మూల వేతనం మీదే.

అప్పటికే 27 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) అందుతోంది. ఫిట్‌మెంట్ దానికంటే తక్కువగా రావడంతో ఉద్యోగులు రోడ్డెక్కారు. వారి బాధ న్యాయమైనదే.

ఇక బడ్జెట్ పుస్తకాల్లో జీతాల భారం తేల్చాలంటే జీతాలకు కేటాయించిన 010 పద్దు ఒక్కటే చూస్తే సరిపోదు. ఎయిడెడ్ (ప్రభుత్వ సాయం పొందే ప్రైవేటు) సంస్థల జీతాలు గ్రాంట్ల కింద 311 పద్దులో, పింఛన్లు 2071 మేజర్ హెడ్‌లో (ప్రధాన పద్దులో) ఉంటాయి. ఈ రెండూ వదిలేస్తే భారం అసలు కంటే బాగా తక్కువగా కనిపిస్తుంది. బడ్జెట్ అంచనాను కాక, రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు కాలమ్‌ను పట్టుకోండి.