ప్యాకెట్ మీద ఓఆర్ఎస్ అనే ఉంది

నాకు వచ్చింది పేరున్న జబ్బేమీ కాదు. విరేచనాలు. "అంతేనా వదినా, నేనింకా ఏమో అనుకుని కంగారుపడ్డా" అంది చూడ్డానికి వచ్చిన మా ఆడపడుచు. ఆ 'అంతేనా' కిడ్నీల దాకా వెళ్లిందని చెప్పే ఓపిక కూడా నాకప్పుడు లేదు.

2024 మే నెల. ఖమ్మం దగ్గర ఒక పెళ్లికి వెళ్లొచ్చాం. ఎండలు మండిపోతున్నాయి. అక్కడ తిన్నవాటిలో ఏది తేడా చేసిందో ఇప్పటికీ తెలియదు. నా పక్కనే కూర్చుని తిన్న మా ఆయన శుభ్రంగా ఉన్నారు. నాకు మాత్రం హైదరాబాద్ చేరిన రాత్రే కడుపునొప్పి, తెల్లారేసరికి నీళ్ల విరేచనాలు, వాంతులు, జ్వరం. ఆయన సందు చివరి మెడికల్ షాపుకు వెళ్లి ఓఆర్ఎస్ అడిగితే, అక్కడి కుర్రాడు ఫ్రిజ్ తెరిచి టెట్రా ప్యాకెట్లు తీసిచ్చాడు. "కలుపుకునే పని ఉండదు సార్, అందరూ ఇదే తీసుకెళ్తున్నారు" అన్నాడట. ప్యాకెట్ మీద ఓఆర్ఎస్ అనే అక్షరాలు పెద్దగా ఉన్నాయి. నారింజ రుచి, చల్లగా గొంతు దిగింది.

తాగినకొద్దీ విరేచనాలు ఎక్కువయ్యాయి. ఎక్కువైనకొద్దీ ఇంకా తాగాను. ఒంట్లో నీరు పోతుంటే ఓఆర్ఎస్ తాగాలని చిన్నప్పటి నుంచి వింటున్నదే కదా. మర్నాటికి పిక్కలు పట్టేశాయి, నాలుక అట్ట కట్టింది. "పొద్దుట్నుంచి బాత్రూంకి యూరిన్ కోసం వెళ్లావా అమ్మా?" అని మా అమ్మాయి అడిగేదాకా అది ఆగిపోయిన సంగతే నాకు తట్టలేదు. లేవబోతే కళ్లు తిరిగాయి. ఆస్పత్రిలో బీపీ బాగా పడిపోయి ఉందన్నారు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 2.6, బాగా ఎక్కువ. పొటాషియం తక్కువ.

డ్యూటీ డాక్టర్ చిన్నమ్మాయే. "ఇంట్లో ఏం తాగారమ్మా?" అంది. ఓఆర్ఎస్ అన్నాను. "పొడా, ప్యాకెట్టా?" అని వెంటనే అడిగింది. మా ఆయన ఖాళీ డబ్బా తెచ్చి చూపిస్తే, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న ఇంగ్లిష్ వాక్యం మీద వేలు పెట్టింది. ఇది డబ్ల్యూహెచ్ఓ సిఫారసు చేసిన ఓఆర్ఎస్ ఫార్ములా కాదని అందులోనే రాసి ఉంది.

"విరేచనాలు దీనివల్ల రాలేదు. కానీ ఇది వాటిని తగ్గనివ్వలేదు" అంది. అసలు ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితోపాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉంటాయి. ఆ కొలతలో ఉంటేనే గ్లూకోజ్ ఉప్పునీ, ఆ వెంటే నీటినీ పేగు గోడ దాటించి ఒంట్లోకి చేరుస్తుంది. పంచదార అంతకు ఎన్నో రెట్లు పెరిగితే పని తిరగబడుతుంది, ఒంట్లోని నీరే పేగులోకి వస్తుంది. నేను తాగిన డబ్బా మీద 100 మిల్లీలీటర్లకే పది గ్రాములకు పైగా ఉంది.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి తాగించి వేలమందిని బతికించారు. ఓఆర్ఎస్ అనే పేరుకున్న నమ్మకమంతా అక్కడి నుంచి వచ్చిందే. ఆ నమ్మకం మీదే మా ఆయన డబ్బు ఇచ్చారు.

సెలైన్‌తో యూరిన్ మొదలైంది. ఇంటికొచ్చాక పొడి ఓఆర్ఎస్, పలచటి గంజి, మజ్జిగన్నం, అరటిపండు. క్రియాటినిన్ మామూలు స్థాయికి రావడానికి కొన్ని వారాలు పట్టింది. నీరసం మాత్రం అంత తొందరగా వదల్లేదు. మెట్లెక్కితే ఆయాసం, దువ్వెన నిండా జుట్టు. మంచం మీద ఖాళీగా పడుకున్న ఆ రోజుల్లోనే ఈ డబ్బా కథ వెతకడం మొదలుపెట్టాను.

పొడి ఓఆర్ఎస్ మందు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్సుతో తయారవుతుంది. నేను తాగింది చట్టం దృష్టిలో ఆహారం. దానికి 2006 ఆహార భద్రత చట్టం కింద లైసెన్సు. మెడికల్ షాపుకొచ్చే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు అది మందు కాదు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లు చూసేదేమో హోటళ్లు, కిరాణా, బేకరీలు. రెండు వ్యవస్థలూ ఢిల్లీలో ఒకే ఆరోగ్య మంత్రిత్వ శాఖ కింద ఉన్నాయి.

హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఈ డ్రింకుల మీద ఏళ్ల తరబడి పోరాడారు, తెలంగాణ హైకోర్టులో పిల్ కూడా వేశారు. 2022 ఏప్రిల్‌లో ఫుడ్ సేఫ్టీ అథారిటీ, అదే ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఇలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దంది. జూలైలో మళ్లీ తనే సడలించింది: డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా కాదని ఒక వాక్యం రాస్తే ట్రేడ్‌మార్క్‌లో ఆ పేరు ఉండొచ్చంది. 2024 ఫిబ్రవరిలో ఆ వెసులుబాటును కొద్ది మార్పులతో కొనసాగించింది. మేలో నేను మంచాన పడ్డాను. చివరికి 2025 అక్టోబర్ 14న అనుమతులన్నీ ఉపసంహరించుకుంది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి.

ఎఫ్ఎస్ఎస్ఏఐని బాగుచేయాలంటే సిబ్బందిని పెంచాలి, ల్యాబులు పెట్టాలి అంటారు. కాదనను. 72 రాష్ట్ర ఆహార ల్యాబుల్లో 65కి ల్యాబుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపే లేదని 2017లో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ చెప్పింది. కానీ నా డబ్బాను నాచారంలోని స్టేట్ ఫుడ్ ల్యాబుకు పంపినా పాసయ్యేదే! అందులో కల్తీ లేదు, లేబుల్ మీద అబద్ధం లేదు, రూల్ ప్రకారమే ఉంది. లోపం అప్పటి రూల్‌లోనే ఉంది. ఏప్రిల్‌లో వద్దన్నది జూలైకి సరే ఎలా అయింది? ఎవరు అడిగారు, ఏ ఆధారం చూపించారు, పిల్లల డాక్టర్లను పిలిచి విన్నారా? ఒక ఉత్తర్వును సడలించేటప్పుడు ఇవన్నీ అందరికీ కనపడేలా పెట్టాలని చట్టమే నిర్బంధించాలి. నా మట్టుకు నాకు అన్నిటికంటే ముందు కావాల్సిన సంస్కరణ ఇదే.

ఇంకోటి ఉంది. మందు వికటిస్తే చెప్పుకోవడానికి 2010 నుంచి దేశంలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. ఫుడ్ పాయిజనింగ్ కేసులను డాక్టర్లు తెలియజేయాలని నోటిఫికేషన్ ఇచ్చే అధికారం 2006 చట్టం 35వ సెక్షన్‌లో ఉంది. నా డబ్బా మొదటిదానికి చెందదు, మందు కాదు గనక. రెండోదానికీ చెందదు, అందులో విషమేమీ లేదు గనక. డిశ్చార్జ్ సమ్మరీలో అక్యూట్ గ్యాస్ట్రోఎంటరైటిస్, కిడ్నీ ఇంజ్యురీ అని రాశారు, ఏం తాగానో రాయలేదు. రాసేందుకు అందులో గడి లేదు. మెడికల్ షాపులో రోగి కోసం అమ్మే ప్రతి వస్తువుకూ, దాని లైసెన్సు ఏదైనా సరే, డాక్టర్ ఫిర్యాదు పంపేందుకు ఒకే చోటు ఉండాలి. ఇలాంటి కేసులు ఎన్ని ఉన్నాయో ఎఫ్ఎస్ఎస్ఏఐకి అప్పుడైనా తెలుస్తుంది.