మెక్సికో సినిమాను నిలబెట్టిందీ, కాల్చిందీ ఫిల్మే

మెక్సికో సినిమాకు 1940లు స్వర్ణయుగం. తారల పేర్లు అందరూ చెబుతారు, ముడిఫిల్ము (ఇంకా బొమ్మ ఎక్కని ఫిల్ము) సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. స్పానిష్ మాట్లాడే దేశాల మార్కెట్లో మెక్సికోకు అసలైన పోటీ అర్జెంటీనా. రెండో ప్రపంచయుద్ధంలో అర్జెంటీనా చాలాకాలం తటస్థంగా ఉండిపోయింది. జర్మన్ జలాంతర్గాములు చమురు ఓడల్ని ముంచేయడంతో మెక్సికో 1942 మేలో యుద్ధంలోకి దిగింది. అమెరికా ముడిఫిల్మును అర్జెంటీనాకు బిగబట్టి మెక్సికోకు వదిలింది.

35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. గంటన్నర సినిమా ఒక్క ప్రింటుకే 8,100 అడుగులు కావాలి. టేకులు, మిగతా ప్రింట్లు కలిపితే లక్షల్లోకి పోతుంది. అది అందకపోతే ఎంత పెద్ద స్టూడియో అయినా ఏం చేస్తుంది? అదే యుద్ధకాలంలో మన దేశంలో సినిమా నిడివినే 11,000 అడుగులకు కుదించారు. మెక్సికోలో అప్పుడు తీసిన 'మరియా కాందెలారియా' 1946లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి బహుమతి పంచుకుంది.

ఆ ఫిల్ము చాలావరకు నైట్రేట్, అంటే ఇట్టే అంటుకునే పాతరకం ఫిల్ము. 1982 మార్చి 24న మెక్సికో సిటీలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 'సినెతెకా నాసియొనాల్' తగలబడి వేల సినిమాలు బూడిదయ్యాయి. ఆ దేశానికి అంతకన్నా పెద్ద సినిమా నష్టం లేదు. నైట్రేట్ మండేటప్పుడు ఆక్సిజన్ దానిలోంచే పుడుతుంది. అందుకే నీళ్లలో ముంచినా ఆరదు. అయినా దర్శకుడు బున్యుయెల్ 1950లో తీసిన 'లోస్ ఒల్విదాదోస్' నైట్రేట్ నెగెటివ్ బతికింది. 2003లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఆ సినిమాకే తీసి పక్కన పెట్టేసిన సుఖాంతం కూడా దశాబ్దాల తర్వాత బయటపడింది.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల టూరింగ్ టాకీసు నడిపిన ఇళ్లలో అటక మీద పాత డబ్బాలుంటే, ఇది మీకూ పనికొచ్చే సంగతే. 1950ల మొదటివరకు నైట్రేట్ వాడకంలో ఉంది. ఫిల్ము అంచున ఇంగ్లిష్‌లో 'నైట్రేట్' అనో 'సేఫ్టీ' అనో ఉందేమో చూడండి. అక్షరాలు లేకపోతే నైట్రేట్ అనే అనుకోండి. చెడిపోయేటప్పుడు ముందు బొమ్మ వెలిసిపోతుంది, తర్వాత జిగురు పట్టి బుడగలొస్తాయి, చివరికి గోధుమరంగు పొడి అవుతుంది. ఆ దశలో ఉన్న రీలు మూసిన డబ్బాలో 40 డిగ్రీల వేడిలో రోజుల తరబడి ఉంటే దానంతటదే అంటుకోవచ్చు. మన మే నెలలో రేకుల కప్పు కింద అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

ముక్క కత్తిరించి అగ్గిపుల్లతో పరీక్షించొద్దు, ప్రొజెక్టర్‌కు ఎక్కించొద్దు. అంటుకుపోయిన చుట్లను బలవంతంగా విప్పితే ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) ఊడొస్తుంది. వాటిని పోస్టులోనూ బస్సులోనూ పంపకూడదు. ముందు పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు, అగ్నిమాపక శాఖకు చెప్పి, వాళ్లు చెప్పినట్టు చేయండి. వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్, అంటే 'సేఫ్టీ' రకం ఫిల్ము. నిప్పు భయం తక్కువే కానీ ఆ ఆవిరి పక్క రీళ్లకూ పాకుతుంది, విడిగా పెట్టండి.