చూసి అడుగెయ్యండి

ఆదివారం, రాత్రి పదిన్నర. సౌతాంప్టన్, ఇంగ్లండ్.

పొద్దుటి నుంచి వాన తెరిపి ఇవ్వలేదు. ఉతికిన బట్టలు ఇంట్లోనే ఆరేశాను. పప్పుచారు పెట్టాను, అమ్మాయికి తలంటు పోశాను. పదకొండింటికల్లా పనులన్నీ తెమిలిపోవాలని ఒకటే హడావుడి, మధ్యాహ్నం మా ఇద్దరికీ బొమ్మ సైనికులతో యుద్ధం ఉంది మరి.

దీనికంతటికీ మూలం పక్కింటి పెద్దాయన. నేను ఫిజియోథెరపిస్టునని తెలిశాక, క్రిస్మస్ సెలవుల్లో ఓ రోజు రెండు పుస్తకాలు, తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. పై పుస్తకం చూపించి, "ఈయన మీ వృత్తివాడే, మన ఊరివాడే" అన్నారు. డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ రాసిన 'వార్ గేమ్స్', 1962లో వచ్చింది. నిజంగానే ఈ ఊళ్ళో ఫిజియోథెరపిస్టుగా పనిచేశాడట. అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకు దళంలో ఉన్నాడు. పగలంతా జనం నడుములు, మోకాళ్ళు సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి బల్ల మీద చిన్న చిన్న సైనికుల్ని నడిపించిన మనిషి. రోజూ ఏడెనిమిది మంది పేషెంట్లని చూసి వచ్చాక నాకైతే టీవీ రిమోట్ కూడా బరువే. అలాంటిది ఆయన ఈ ఆట మీద పుస్తకం తర్వాత పుస్తకం రాసుకుంటూ పోయాడు.

వారం రోజులుగా రాత్రిళ్ళు అదే చదువుతున్నాను. మూడు కాలాల యుద్ధాలు పూర్తిగా ఆడి చూపిస్తాడు: పురాతన కాలానిది ఒకటి, అమెరికా అంతర్యుద్ధం నాటిది ఒకటి, 1944 నాటి ట్యాంకుల పోరు ఒకటి. పురాతన యుద్ధానికి వాడిన నియమాలు ఆయన స్నేహితుడు టోనీ బాత్‌వి. నాకు నచ్చింది ఆ పుస్తకంలోని ధోరణి. ఇవి నా నియమాలు, మీకు కుదరకపోతే మార్చుకోండి, కానీ ఆడండి అన్నట్టు ఉంటుంది ప్రతి పేజీ. వంట నేర్పేటప్పుడు మా అమ్మమ్మ కూడా ఇంతే. కొలత చెప్పేది, వెంటనే "మీ ఇంటి ఉప్పుని బట్టి చూసుకో" అనేది.

రెండో పుస్తకం ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ రాసిన 'లిటిల్ వార్స్', 1913 నాటిది. బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకునే యుద్ధానికి నియమాలు రాసిన పుస్తకాల్లో ఇంతగా పేరు పడ్డది ఇంకోటి లేదు. పన్నెండేళ్ళ నుంచి నూట యాభై ఏళ్ళ దాకా మగపిల్లల కోసమట, ఆ తర్వాత మగపిల్లల ఆటలూ పుస్తకాలూ ఇష్టపడే 'కాస్త తెలివైన రకం' ఆడపిల్లల కోసమట. ఈ మాట ఎక్కడో కాదు, పుస్తకం పేరులోనే ఉంది. లోపల ఇంకోచోట, నేల మీద ఆట పరుచుకుని ఉండగా ఇంటికొచ్చిన ఆడవాళ్ళు దాన్ని చులకనగా చూశారని, ఊహతో పనిపడే దేన్నైనా ఆడవాళ్ళు అలాగే చూస్తారని రాశాడు. చదవగానే నాకు కోపం వచ్చింది. చంటిపిల్లకి అన్నం ముద్దల్లో ఏనుగునీ గుర్రాన్నీ చూపించి తినిపించేది ఎవరు? కానీ పుస్తకం మూసెయ్యలేకపోయాను. అంత ఇష్టంగా, అంత వివరంగా రాశాడు. భోజనం అయ్యాక ఒక స్నేహితుడు పిల్లాడి స్ప్రింగ్ ఫిరంగితో గురిపెట్టి ఒక సైనికుణ్ణి పడగొట్టడం, గొప్పలు చెప్పుకోవడం, పందెం కాయడం, అక్కడే ఈ ఆట మొదలవడం. ఆ గది కళ్ళకి కట్టింది.

ఇక డబ్బా. అందులో ఇరవై ఎనిమిది మంది సీసపు సైనికులు. ఒక్కొక్కరు నా చూపుడువేలంత ఉంటారు. లోపల బోలుగా పోత పోసే పద్ధతిని 1893లో లండన్‌లో బొమ్మలు చేసే బ్రిటన్ అనే ఇంటిపేరు వాళ్ళ కుటుంబం తెచ్చింది. దాంతో సీసం తక్కువ పట్టి, ధర తగ్గి, బొమ్మలు మామూలు ఇళ్ళలోకి వచ్చాయి. ఒకడి తల కొంచెం వదులుగా ఊగుతోంది. మెల్లగా లాగితే ఊడి వచ్చింది, మెడలో సగం విరిచిన అగ్గిపుల్ల! తల తెగిన సైనికుణ్ణి బోలు మెడలోకి పుల్ల గుచ్చి బతికించారన్నమాట. ఎన్నేళ్ళ క్రితం, ఎవరి చేతులో. ఎర్ర కోటు రంగు అంచుల్లో పోయి సీసం బయటపడింది, మీసం గీత మాత్రం చెక్కుచెదరలేదు. తలని మళ్ళీ అలాగే పెట్టేశాను. పెద్దాయన చెప్పారు, ఆ కుటుంబం కంపెనీ 'బ్రిటన్స్' వాళ్ళు మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ, అంటే మద్రాసు సైన్యపు కాల్బలం, పేరుతో కూడా ఒక సెట్టు చేశారట. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు చాలామందే ఉండేవారని అమ్మాయికి చెప్తే, "మరి ఈ డబ్బాలో మనవాళ్ళు లేరేంటి?" అని దిగులుపడింది.

వెల్స్ నియమాలే తీసుకున్నాం. ఎత్తుకి కాల్బలం ఒక అడుగు (పన్నెండంగుళాలు), గుర్రాలు రెండడుగులు. ముప్పై మందికి ఒక నిమిషం, ఆలోగా నడపగలిగినంత మందినే నడపాలి. మాకు చెరో పద్నాలుగు మందే కాబట్టి ఫోన్‌లో ముప్పై సెకన్లు పెట్టాం. కొండలకి నా అనాటమీ పుస్తకాలు, నదికి నీలం చున్నీ. ఫిరంగి లేదు, నానబెట్టని శనగగింజని క్యారమ్స్ స్ట్రైకర్‌లా వేలితో కొట్టాం. టైమర్ మోగేసరికి నాకు చేతులు వణికేంత టెన్షన్! రెండో ఎత్తులోనే నా ముగ్గురు నది ఇవతల వేరుపడిపోయారు, అమ్మాయి ఐదుగురితో మీద పడింది. తన వైపు అదనంగా ఉన్న ఇద్దరికీ నా ఇద్దరు బందీలు, మిగిలిన నా ఒక్కడూ, వాడికి బదులు తనవాడొకడూ చచ్చారు. అదీ లెక్క. చచ్చిన ఇద్దర్నీ అది డబ్బాలో పక్కపక్కన పడుకోబెట్టింది.

మధ్యలో బందరు నుంచి అమ్మ వీడియో కాల్. "సంక్రాంతి దాటిపోయింది కదే, ఇప్పుడు పెట్టారా కొలువు?" అంది. కాదమ్మా, యుద్ధం అన్నాను. తను కాసేపు పరకాయించి చూసి, మా చిన్నప్పుడు బొమ్మల కొలువులో చివరి మెట్టు మీద తమ్ముడి ప్లాస్టిక్ సిపాయిలు నిలబడేవాళ్ళని గుర్తు చేసింది. నేను మర్చేపోయాను. అమ్మే వాళ్ళని పార్కు గేటు దగ్గర కాపలా పెట్టేదట.

చీకటి పడ్డా తేలలేదు. సీసం కదా, సబ్బుతో చేతులు కడిగించి అన్నం పెట్టి పడుకోబెట్టాను. ఇప్పుడు ఒక్కదాన్నే కూర్చుని వెల్స్ చివరి పేజీలు మళ్ళీ చదివాను. ఈ ఆట మూడు నాలుగు సార్లు ఆడితే చాలు, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలిసొస్తుందంటాడు. 1913లో ఆ మాట. మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం. పన్నెండేళ్ళకే ఈ ఆట మొదలుపెట్టిన పిల్లలు ఎందరు ఆ కందకాల్లోకి వెళ్ళి ఉంటారు! పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను.

హాల్లో లైటు ఆర్పలేదు. అమ్మాయి సైన్యం అనాటమీ కొండ ఎక్కి ఉంది, అగ్గిపుల్ల మెడవాడు నది ఒడ్డున నావైపు కాపలా. రేపు పొద్దున్న ఏడింటికి మా ఆయన నైట్ డ్యూటీ నుంచి నిద్రమత్తులో వస్తారు. తలుపు లోపలివైపు చీటీ అంటించాను: "బూట్లు బయటే. తివాచీ మీద యుద్ధం నడుస్తోంది, చూసి అడుగెయ్యండి."