బోర్ అంటే విసుగా, తోచకపోవడమా?

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓసారి కాల్‌లో మా మేనేజర్ పనెలా ఉందని అడిగారు. ఆయనకి తెలుగు రాదు. అప్పటికి ఆరు వారాలుగా నా పనల్లా ఒక షీట్‌లోని అంకెలు ఇంకో షీట్‌లోకి ఎక్కించడం, ఎక్కడో ఒక్క అంకె తేడా వస్తే మళ్ళీ మొదట్నుంచి చూసుకోవడం. ప్రాణం విసిగిపోయి ఉంది. ధైర్యం చేసి "ఐయామ్ బోర్డ్" అనేశా. ఆయన తెగ సంతోషించారు. చేతిలో పని చాలక ఖాళీగా కూర్చున్నాననుకున్నారు పాపం, మర్నాటికల్లా ఇంకో రెండు షీట్లు వచ్చి పడ్డాయి.

ఆయన తప్పేం లేదు. నోట్లోంచి వచ్చింది బోర్, మనసులో ఉన్నది విసుగు. ఈ రెండూ ఒకటేనని నిఘంటువులు రాస్తాయి గానీ, విసుగులో కాస్త కోపం ఉంటుంది, ఏదో ఒకటి మితిమీరి మీద పడుతుంటే వచ్చేది అది. దానికి ఇంగ్లీషులో ఫెడ్ అప్ అనాలి. తప్పు నాది కాదు, ఈ పనిదే అని చెప్పాలంటే టీడియస్ అనొచ్చు. బోర్‌డమ్ దాదాపు దీనికి ఎదురు. అక్కడి బాధ ఏదో ఎక్కువైనందుకు కాదు, మనసుకి పట్టుకోవడానికి ఏమీ దొరకనందుకు.

దీనికి మన దగ్గర అచ్చమైన మాట ఎప్పట్నుంచో ఉంది: తోచకపోవడం. "ఏమీ తోచట్లేదు" అంటే ఏదో చెయ్యాలని ఉంది, ఆ ఏదో ఏమిటో తట్టడం లేదు. ఆకలి లేకుండానే ఫ్రిజ్ తలుపు తీసి, లోపలి లైటు వంక కాసేపు చూసి, మూసేసి, పది నిమిషాలకి మళ్ళీ వెళ్ళి తీస్తాం చూడండి, అదే. తోచీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి వెళ్ళిందట అనే సామెతలో ఉన్నదీ ఇదే. ఆవిడకి విసుగు లేదు, దిగులు లేదు, ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలంతే!

జాన్ ఈస్ట్‌వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహ పరిశోధకులు 2012లో బోర్‌డమ్‌కి ఇచ్చిన నిర్వచనం కూడా ఇంచుమించు ఇదే. తృప్తినిచ్చే పనిలో పడాలని ఉండీ పడలేకపోవడం వల్ల కలిగే ఇబ్బంది అన్నారు. అందులో 'ఉండీ' అన్నదే నాకు ముఖ్యంగా కనిపించింది, ఎందుకంటే అపతీ అనే మాట నుంచి దీన్ని వేరు చేసేది అదే. అపతీలో ఆ కోరికే ఉండదు. దాన్ని తెలుగులో నిర్లిప్తత అనేస్తే మాత్రం ఏదో మునీశ్వరుడి లక్షణంలా గొప్పగా వినిపిస్తుంది, అసలు సంగతి అంత గొప్పగా ఏమీ ఉండదు.

బోర్ కొట్టిన మనిషిలో ఎంత కదలిక ఉంటుందో చూడాలంటే 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగం ఒకటి ఉంది. మనుషుల్ని ఒక్కొక్కరిగా ఖాళీ గదిలో 15 నిమిషాలు ఊరికే ఆలోచించుకుంటూ కూర్చోమన్నారు. పక్కన ఒక మీట, నొక్కితే చిన్న కరెంట్ షాక్ కొడుతుంది. డబ్బిచ్చైనా ఆ షాక్ తప్పించుకుంటామని ముందు చెప్పినవాళ్ళలోనే 18 మంది మగవాళ్ళకి 12 మంది, 24 మంది ఆడవాళ్ళకి ఆరుగురు కనీసం ఒక్కసారైనా తమకి తాము షాక్ పెట్టుకున్నారు. అపతీలో ఉన్న మనిషికి ఆ మీట వైపు చెయ్యి చాపే ఓపిక కూడా ఉండదని నా అనుమానం.

ఇక ఆన్వీ. ఫ్రెంచి మాట, ఇంగ్లీషు వాళ్ళు కాస్త దర్జాగా బోర్ అనిపించినప్పుడు వాడుకుంటారు. తమాషా ఏంటంటే ఇదీ, చిరాకు పెట్టడం అనే అర్థమున్న అనాయ్ కూడా ఒకే లాటిన్ మూలం నుంచి వచ్చాయి. అంటే విసుగునీ బోర్‌నీ కలిపేసింది మనమొక్కళ్ళమే కాదన్నమాట, నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"ఐయామ్ బోరింగ్" అని మనవాళ్ళు ఎందుకంటారో కూడా అప్పుడే అర్థమైంది. తెలుగులో నాకు కోపం వస్తుంది, నాకు నిద్ర వస్తుంది, నాకు బోర్ కొడుతుంది. అన్నీ వాటంతటవే వచ్చి మన మీద పడేవే, మనం ఎక్కడా కర్తలం కాదు. ఇంగ్లీషులో వాక్యం 'నేను' అని మొదలుపెట్టాల్సి వచ్చేసరికి, బోర్ కొడుతున్నది ఎవరు, కొట్టించుకుంటున్నది ఎవరు అన్నది తారుమారవుతుంది. పాపం, ఆ మాటన్నవాడు తనంతట తనే "నేను బోర్ కొట్టే మనిషిని" అని ఒప్పేసుకుంటున్నాడు.

ఇదంతా బుర్రలో తిరుగుతుండగానే మొన్న రాత్రి ఓ ఫ్రెండ్ మెసేజ్ పెట్టాడు, "బోర్‌గా ఉంది రా". నెల రోజులుగా వాడు పంపేది ఇదే, నేను ఎప్పటిలాగే ఏదో వీడియో లింకు పంపేవాణ్ణి. ఈసారి, "ఏమీ తోచట్లేదా, ఏమీ వద్దనిపిస్తోందా?" అని అడిగా. చాలాసేపు టైప్ చేస్తున్నట్టు కనిపించింది, ఆగింది, మళ్ళీ కనిపించింది.

"రెండోది" అన్నాడు.

లింకు పంపలేదు, ఫోన్ చేశాను.