ఉడుతకు మొహమాటం లేదు

ఆదివారం. సార్వా నూర్పిళ్లు ముగిసిన వారం.

ఈ మధ్యాహ్నం కొబ్బరి మట్టలు పొయ్యి దగ్గరకు చేర్చుదామని పెరట్లోకి వెళ్లాను. కొబ్బరికాయల దింపు తీసి పది రోజులైంది; మట్టలన్నీ గడ్డిమేటు పక్కనే గుట్టగా పడి ఉన్నాయి. మొదటి మట్ట అందుకోవడానికి వంగుతుండగా జామచెట్టు మీద ఉడుత అరవసాగింది. రోజూ వినే అరుపే కదా అని నేను పట్టించుకోలేదు. అయితే అది ఈసారి మానును తలకిందులుగా కరచుకుని, అరుపు అరుపుకూ తోక ఎగరేస్తూ, మట్టల కేసే చూస్తూ ఎంతకీ ఆపలేదు. అంతలో రెండు గోరువంకలు వాలి అదే చోటును చూస్తూ గోల మొదలుపెట్టాయి. గింజలు ఏరుకుంటున్న మా కోడిపెట్ట మెడ నిక్కించి గొంతు మార్చి పిలవగానే పిల్లలన్నీ దాని దగ్గరకు పరుగెత్తాయి. అప్పుడు గానీ నా చెయ్యి వెనక్కి రాలేదు.

నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే మొదట ఎండుటాకులు తప్ప ఏమీ కనబడలేదు. కాసేపటికి ఆ ఆకుల మధ్యనే గొలుసులా వరుసకట్టిన ముదురు మచ్చలు తేలాయి. రక్తపింజర. నేను పట్టుకోబోయిన మట్టకు జానెడు దూరంలో ఉంది.

"అది వెంటపడదండి అమ్మగారూ, మనం దాని జోలికి పోకుండా ఉంటే చాలు" అన్నాడు మా పశువులు చూసే పెద్దాయన. అరగంట తరువాత అది నీటి బోదెలోకి జారిపోయింది.

కోతలయ్యాక గింజల కోసం ఎలుకలు గడ్డిమేట్లకు చేరతాయి, వాటి కోసం పాములు వస్తాయి. రక్తపింజర తన రంగునే నమ్ముకుని కదలకుండా పడి ఉంటుంది కాబట్టి, చూడకుండా పెట్టిన చేతికో కాలికో కాటు పడుతుంది. రాత్రిపూట వచ్చే కట్లపాము కాటైతే చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. అందుకే మా ఇంట్లో ఎవరినీ నేల మీద పడుకోనివ్వను, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుతాను. కాటు పడితే తాడు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం వంటివేవీ చేయకుండా, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకుపోవాలి. విషానికి విరుగుడు మందు ఉండేది అక్కడే.

సాయంత్రం వరకూ నా మనసులో నిలిచింది మాత్రం పాము కాదు, ఉడుత. నిరుడు ఒకనాడు చీకటి పడ్డాక బస్సు దిగి కాలువ గట్టు మీద నడిచి వస్తుంటే ఒక మోటారుసైకిలు నా వెనకే, నా నడకకు తగ్గట్టు మెల్లగా వచ్చింది. దారిలో దీపం వెలుగుతున్న కిరాణా కొట్టు ఉంది. లోపలికి వెళ్లి నిలబడితే కొట్టువాళ్లు ఏమనుకుంటారోనని, వెనకవాడు మంచివాడే అయితే బాధపడతాడేమోనని కొట్టు దాటి నడిచాను. మలుపులో అతను వేరే దారి పట్టాడు. ఏమీ జరగలేదన్నది నిజమే కానీ, నన్ను ఇంటికి చేర్చింది నా జాగ్రత్త కాదు. గద్ద నీడ అనుకుని కోడిపెట్ట పిలిస్తే, అది తీరా కాకి నీడే అయినా, పిల్లలు మళ్లీ వచ్చి గింజలు ఏరుకుంటాయి. ఊరికే పరుగెత్తామని ఏ పిల్లా సిగ్గుపడదు. గేదె కాళ్ల మధ్య నిర్భయంగా తిరిగే కొంగ, నేను గట్టు దిగి చేలో అడుగు పెట్టగానే లేచిపోతుంది. నేను దానికి ఏ కీడూ చేయలేదు, అయినా నా మర్యాద కోసం అది ఆగదు.

రోజూ కాలేజీ నుంచి బస్సులో వచ్చే మా అమ్మాయికి రాత్రి ఇదంతా చెప్పాను. మనసుకు తేడాగా అనిపిస్తే దీపం ఉన్న ఏ ఇంట్లోకైనా, ఏ కొట్టులోకైనా వెళ్లిపోమని, నాకు గానీ 112కు గానీ ఫోన్ చెయ్యమని, అందుకు కారణం ఎవరికీ చెప్పనక్కర్లేదని అన్నాను.

"ఊరికే భయపడ్డానని నవ్వితేనో అమ్మా?"

"నవ్వనియ్యి తల్లీ."

మట్టలు అక్కడే ఉన్నాయి. రేపు ఎండ వచ్చాక, ముందు పొడుగు కర్రతో కదిపి చూసి, ఒక్కొక్కటిగా లాగుతాను.